ఇంజనునకు పొగగొట్టము బిగించు విధము



ప్రత్తి దిగుబడి కాలమున వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు పోవు దారిలో ఉదయము వేళ కొంతసేపు నిలిచినవారికి పలు విధములైన ఇంజనుల చప్పుళ్లు వినవచ్చును. ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్లు అన్నియు ఆ దారినే పోవుచుండును. ఆ చప్పుళ్ల నడుమ, ఇంజను తిరుగుడుతో లయ తప్పక వచ్చు 'టిక్కు టిక్కు' మను సన్నని చప్పుడొకటి అప్పుడప్పుడు చెవిని బడును. ఇంజను వేగము హెచ్చినకొలది అదియును హెచ్చును. వినువారు దానిని వాల్వుల చప్పుడని తలతురు. కొన్ని బండ్లలో అది నిజమే. కాని అనేక బండ్లలో దాని కారణము వేరు. ఇంజను హెడ్డునకును పొగగొట్టమునకును నడుమనున్న సంధిలో వేడి వాయువు సందు చేసికొని బయటికి చిమ్ముచున్నదని దాని అర్థము.

ఈనాటి మా ప్రసంగమునకు ఆ సంధియే విషయము. మరమ్మతు కొరకు ఒకసారి విప్పిన పొగగొట్టమును మరల బిగించునపుడు ఆ సంధి వాయువు కారకుండ ఎట్లు కుదురవలెను, కుదురకున్న ఏమి కీడు కలుగును అను రెండు సంగతులను నేడు ముచ్చటింపదలచితిమి. ఇది మెకానిక్కులకు చెప్పవలసిన పాఠము గదా, ఇంట కూర్చుండి రేడియో వినువారికేల యని కొందరికి తోచవచ్చును. కాని పల్లెలో ట్రాక్టరో, ఆయిలింజనో, పట్టణములో మోటారు సైకిలో, కారో, ఆటోయో ఏదో యొకటి నేడు అనేక కుటుంబముల బ్రతుకుతో పెనవేసికొని యున్నది. పని చేయువాడు మెకానిక్కే యైనను, సాయంత్రములోగా బండి కావలెనని తొందరపెట్టువాడు యజమాని. ఖర్చు తగ్గింపుమని కోరువాడును యజమానియే. కడకు ఆ బండిలో కూర్చుండువారు ఆ ఇంటివారే. కావున ఈ మాట మెకానిక్కుతోపాటు ఇంటివారును వినదగినదని మా అభిప్రాయము.

మన ప్రాంతమునకు ఇంజనుతో పరిచయము క్రొత్తది కాదు. హైదరాబాదు రాజ్యపు రైలు మార్గము వరంగల్లు మీదుగా సాగి 1889 లో బెజవాడ చేరినది. ఆవిరి యంత్రముల నాడే కాజీపేట పనివారలకు గొట్టముల అతుకులు కాపాడుట నిత్యకృత్యము. తరువాత 1932 లో నిజాం రైల్వే వారు 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా ఆరంభించిరి. 1959 లో ఇచట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసినది. అదియే 2002 లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. కాజీపేటలో డీజిలు రైలింజనులకు షెడ్డు ఏర్పడినది. ఇట్లు ఆవిరి యంత్రము పోయి డీజిలు ఇంజను వచ్చినది. గొట్టములోని వాయువు మారినది. గొట్టపు సంధిని కుదుర్చు నేర్పు మాత్రము నాడెట్లు అవసరమో నేడును అట్లే అవసరము.

మొదట ఆ సంధి యెట్టిదో చూతము. ఇంజనులో ఎన్ని సిలిండర్లున్నవో, హెడ్డు ప్రక్కన పొగ వెలువడుటకు సాధారణముగా అన్ని ద్వారములుండును. ఆ ద్వారములన్నింటి నుండి వచ్చు పొగను ఒకచోట చేర్చి సైలెన్సరు గొట్టమునకు అందించు భాగమును మెకానిక్కులు మానిఫోల్డు అందురు. లారీలకు, ట్రాక్టర్లకు ఇది పోత ఇనుముతో చేయబడును. కొందరు కార్లకు పోత ఇనుప మానిఫోల్డు తీసి, ఉక్కు గొట్టములను వంచి అతికించిన దానిని అమర్చుకొందురు; దానిని హెడరు అందురు. మోటారు సైకిలునకు ఒకే సిలిండరున్నచో ఒకే వంపు గొట్టము. రూపమేదైనను పని ఒక్కటే. హెడ్డు ముఖమును, గొట్టపు అంచు ముఖమును ఒకదానికొకటి ఆనించి, నడుమ ప్యాకింగు పెట్టి, స్టడ్డులపై నట్లు బిగించుటయే ఆ సంధి.

ఈ సంధి భరించు శ్రమను గమనింపుడు. నిమిషమునకు 1500 సారులు తిరుగుచున్న నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 750 మారులు పొగను వెడలగొట్టును. నాలుగింటికి కలిపి 3000 మారులు. పొగ సన్నని ధారగా సాగిపోదు. ఒక్కొక్క దెబ్బగా వచ్చి గొట్టమును తాకును. బరువు లాగుచున్న డీజిలు ఇంజనులో ఆ పొగ వేడి 500, 600 డిగ్రీల వరకు ఉండును. పెట్రోలు ఇంజనులో 800 డిగ్రీలను కూడ చేరును. ఇంత వేడి, ఇన్ని దెబ్బలు, వానికి తోడు రోడ్డు కుదుపులు. సైలెన్సరు నిలుపు బ్రాకెట్టు విరిగియున్నచో దాని బరువంతయు ఈ సంధిమీదనే పడును.

ఇక వేడికి లోహము సాగుటను లెక్కింతము. పోత ఇనుము ఒక్కొక్క డిగ్రీకి తన పొడవులో లక్షకు ఒక వంతు చొప్పున, కొంచెము హెచ్చుగా, పెరుగును. అరువది సెంటీమీటర్ల పొడవుగల మానిఫోల్డు 500 డిగ్రీలు వేడెక్కినచో మూడు మిల్లీమీటర్లకు పైగా సాగును. దానిని పట్టియున్న హెడ్డు నీటితో చల్లబడుచుండుటచే ఒక మిల్లీమీటరుకు మించి సాగదు. అనగా బండి నడచినప్పుడెల్ల మానిఫోల్డు హెడ్డు ముఖముపై రెండు మిల్లీమీటర్ల మేర జరుగవలెను. చల్లారినప్పుడు మరల వెనుకకు రావలెను. ఇందుచేతనే మానిఫోల్డు రంధ్రములు స్టడ్డు కంటె కొంత వెడల్పుగా తొలువబడును. ఆ సంధి కదలవలసిన సంధి. కదలుచునే కారకుండ ఉండవలెను.

ఈ ఒక్క సంగతి మనసునకు పట్టినచో, సంధికి దట్టముగా పూత పూయుట ఏల పనికిరాదో తెలియగలదు. మన వీధులలో సాధారణముగా జరుగునదేమి? ప్యాకింగు పోయిన చోట ఎర్రని సిలికాను ముద్దను దట్టముగా పూసి, గొట్టమును అదిమి, నట్లు బిగించి, ఇంజను నడిపి చూపుదురు. ఆ పూట చప్పుడు ఆగును. యజమాని సంతోషించును. కాని ఆ సిలికాను 300 డిగ్రీల ప్రాంతము వరకు తట్టుకొనుటకు చేయబడినది. పొగ ద్వారపు వేడికి అది మాడి పొడియగును. సిమెంటువలె గట్టిపడు ముద్దలు కొన్ని కలవు. అవి వేడికి నిలుచును గాని, సంధి కదలికకు పగులును. పైగా ముద్ద మందముగా ఉన్నంతకాలము లోహపు ముఖములు రెండును సరిగా ఆనవు. అది మాడిపోయిన వెనుక ఆ మందమంత ఖాళీ ఏర్పడి, నట్లు వదులగును. చప్పుడు మునుపటికంటె హెచ్చును.

ఓరుగల్లు కోట చూచినవారు దాని రాతి గోడను జ్ఞాపకమునకు తెచ్చుకొనవచ్చును. గణపతిదేవుని కాలమున ఆరంభమై రుద్రమదేవి కాలమున ఎత్తు పెంచబడినదని చెప్పబడు ఆ గోడలో పెద్ద పెద్ద రాళ్లు సున్నపు అతుకు లేకయే నిలిచియున్నవి. ఒక రాతి ముఖమును మరొక రాతి ముఖమునకు పొందుపడునట్లు చెక్కి పేర్చిరి. వాని బరువే వానిని పట్టియుంచుచున్నది. మన సంధిలోని సూత్రమును అట్టిదే. చదునైన ముఖములు, వానిని సమముగా అదుము బలము, నడుమ చిన్న చిన్న లోపములను పూడ్చు పలుచని ప్యాకింగు, ఇవి మూడే ఆ సంధిని కాపాడును. ముఖములు వంకరగా ఉన్నచో ఎంత ముద్ద పూసినను అది వంకరను కప్పునే గాని సరిదిద్దజాలదు.

సంధి కారినచో కలుగు కీడులలో మొదటిది ప్రాణమునకు సంబంధించినది. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువున్నది. పెట్రోలు ఇంజను పొగలో హెచ్చుగాను, డీజిలు పొగలో తక్కువగాను ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోనికి పోయి, రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. అట్లు పట్టుకొన్న రక్తము దేహమునకు ప్రాణవాయువును అందింపలేదు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము, నిద్రమత్తు కలుగును. ప్రయాణపు బడలిక యని మనుష్యుడు అనుకొనుచుండగనే స్పృహ తప్పవచ్చును. సైలెన్సరు చివర బండి వెనుక ఉండును గావున అచటి పొగ గాలిలో కలిసిపోవును. ఈ సంధి యన్ననో బండి ముందుభాగమున, క్యాబిను గోడకు దాపుననే ఉండును. క్యాబిను అడుగున తుప్పు రంధ్రములు, కేబుళ్లు దూర్చిన సందులు ఉన్నచో కారిన వాయువు డ్రైవరు కాళ్ల చెంతకే వచ్చును. చలికాలమున అద్దములు మూసికొని రాత్రియంతయు ప్రయాణము చేయువారికి ఇది మరింత అపాయకరము.

రెండేండ్లకొకసారి జరుగు మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు వరంగల్లు, హనుమకొండల నుండి ఎన్ని వాహనములు పోవునో మీరెరుగుదురు. పిల్లలు, వృద్ధులు క్రిక్కిరిసి కూర్చుందురు. బండ్లు గంటల తరబడి దారిలో ఇంజను నడుచుచుండగనే నిలిచిపోవును. నడుచు బండికి గాలి వీచును. నిలిచిన బండికి అదియును ఉండదు. జాతరకు బండి కట్టించుకొనుటకు ముందు టైర్లు, బ్రేకులు చూపించుకొను అలవాటు మనవారికి కలదు. వానితోపాటు ఈ సంధిని కూడ చూపించుకొనుట మేలు. ఇచటనే మరియొక మాట. జనరేటరును మూసిన గదిలో, వరండా మూలలో ఎన్నడును నడుపరాదు. దాని సంధులన్నియు సవ్యముగా ఉన్నను, సైలెన్సరు చివర నుండి వచ్చు పొగయే ఆ గదిని విషపూరితము చేయగలదు.

రెండవ కీడు అగ్నిభయము. సందులోనుండి చిమ్ము మంట వంటి వాయువు ఒకేచోట తగులుచుండును. అచట వైర్లున్న వాని తొడుగు కరగును. డీజిలు గొట్టమున్న ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. మూడవది ఇంజనునకు కలుగు నష్టము. టర్బో గల డీజిలు ఇంజనులో పొగ వేగమే టర్బో చక్రమును త్రిప్పును. ఆ పొగ దారిలోనే కారినచో ఇంజనునకు గాలి చాలదు. నల్లపొగ వచ్చును, లాగు శక్తి తగ్గును, డీజిలు హెచ్చుగా ఖర్చగును. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి ఆరు నియమముల ప్రకారము వచ్చిన పెట్రోలు బండ్లలో, మోటారు సైకిళ్లతో సహా, పొగలో మిగిలిన ప్రాణవాయువును కొలుచు సెన్సరుండును. సంధిలో సందున్నచో పొగ దెబ్బకు దెబ్బకు నడుమ బయటి గాలి లోనికి దూరును. సెన్సరు ఆ గాలిని చూచి పెట్రోలు చాలలేదని భ్రమించును. కంప్యూటరు అవసరము లేని పెట్రోలు పోయించును. యజమాని మైలేజి తగ్గినదని ఇంజనునంతయు విప్పించును. లోపము మాత్రము ఒక ప్యాకింగులో ఉండును.

ఇక బిగించు విధము. మొదటి నియమము, ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిగా ఉన్నపుడు విప్పినచో చేయి కాలుటయేగాక, హెడ్డు అల్యూమినియమైనచో మరలు కూడ చెడును. తుప్పుపట్టిన నట్లకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదలించు నూనె వేసి ఉంచవలెను. పానా వేసినపుడు ఒకే పట్టున త్రిప్పరాదు. కొంచెము విప్పి, కొంచెము బిగించి, మరల విప్పవలెను. ఈ ఓపిక లేనందుననే స్టడ్డులు విరుగును. విరిగిన స్టడ్డును అట్లే వదలి మిగిలిన వానితో బిగించుట కొందరి అలవాటు. అది కూడదు. ఆ మూల అదుము బలము లేక, మొదటి సందు అచటనే ఏర్పడును. విరిగిన ముక్కకు సరిగా నడుమ రంధ్రము తొలిచి, దానిని బయటికి తీయించి, క్రొత్త స్టడ్డు వేయించవలెను.

రెండవది శుభ్రత. హెడ్డు ముఖముపైన, మానిఫోల్డు ముఖముపైన పాత ప్యాకింగు ముక్కలు, మసి, పాత ముద్ద ఏమియు మిగులరాదు. అల్యూమినియము హెడ్డును ఉక్కు ఉలితో గీకినచో గాట్లు పడును; మొద్దు గీకుడు రేకు వాడవలెను. పొగ ద్వారములలో గుడ్డ కూరి పని చేసినచో చెత్త లోనికి పోదు; పని ముగియగనే ఆ గుడ్డలను లెక్కించి తీయవలెను. ఇచట ఒక హెచ్చరిక అవసరము. పాతకాలపు ప్యాకింగులు అనేకము ఆస్బెస్టాసు నారతో చేయబడినవి. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏండ్ల తరువాత క్యాన్సరును కూడ కలిగించును. ఆస్బెస్టాసు పనివారి విషయమున 1995 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, పనివాని ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని పేర్కొన్నది. కావున పాత ప్యాకింగును పొడిగా గీకరాదు, గాలి పంపుతో ఊదరాదు. నీటితో తడిపి, మెల్లగా తీసి, తడిగుడ్డతో తుడిచి, సంచిలో మూసి పారవేయవలెను. షెడ్డులో పని నేర్చుకొను కుర్రవానికి ఈ మాట మొదటి దినముననే చెప్పవలెను.

మూడవది చదును పరీక్ష. సరియైన ఉక్కు పట్టీని మానిఫోల్డు ముఖములన్నింటిపై అంచుగా నిలిపి, దాని క్రింద ఫీలరు గేజి ఆకును దూర్చి చూడవలెను. ఎంత సందు వరకు చెల్లునో ఆ ఇంజను చేసినవారి పుస్తకములో ఉండును. అంతకు మించినచో మానిఫోల్డును లేతు షాపునకు పంపి ముఖమును చదును చేయించవలెను. ఆకురాయితో చేతి అంచనాకు రుద్దినచో ఒక వంకర పోయి మరొక వంకర వచ్చును. ఈ సందర్భముననే మానిఫోల్డుకు పగుళ్లున్నవేమో చూడవలెను. పగిలిన గొట్టమునకు ఎంత మంచి ప్యాకింగు వేసినను చప్పుడు పోదు. ఉక్కు హెడర్లలో అంచు రేకు పలుచగా ఉన్నచో, నట్టు బిగించినచోట అది లోనికి వంగి, రెండు నట్ల నడుమ పైకి లేచును. కొనునపుడే దళసరి అంచు గలదానిని ఎంచుకొనుట మేలు.

నాలుగవది ప్యాకింగు. ఒకసారి నలిగిన ప్యాకింగును మరల వాడరాదు. మోటారు సైకిలు వంపు గొట్టము వద్దనుండు చిన్న రింగునకు కూడ ఈ నియమమే. అది నలుగుట చేతనే సంధిని మూయును. నలిగినది మరల నలుగదు. రెండు ప్యాకింగులను ఒకదానిపై నొకటి వేయుట కూడ తప్పు. అవి ఒకదానిపై నొకటి జారి, సంధి త్వరలో వదులగును. ఒక ప్రక్క లోహపు రేకుగల ప్యాకింగులలో ఆ రేకు సాధారణముగా మానిఫోల్డు వైపునకు ఉండవలెను. మానిఫోల్డు సాగునపుడు ఆ రేకుపై జారును. పొట్లముపై వేరు విధముగా వ్రాసియున్నచో దానినే అనుసరింపవలెను. ప్యాకింగు రంధ్రములు పొగ ద్వారములకు సరిగా కుదిరినవో లేదో బిగింపకముందే పెట్టి చూచుకొనవలెను.

మరి ముద్దలకు ఎచటను చోటు లేదా యని అడుగవచ్చును. కలదు. కొన్ని ఇంజనులకు తయారీదారులే ప్యాకింగు లేకుండ రెండు లోహపు ముఖములను ఆనించి బిగింతురు. కొన్నిటికి మిక్కిలి వేడిని తట్టుకొను పూతను పలుచగా పూయుమని చెప్పుదురు. చెప్పినచోట, చెప్పినంత పలుచగా పూయుట దోషము కాదు. పాత పోత ఇనుముపై సూదిమొనల వంటి చిన్న గుంటలున్నచో పలుచని పూత సాయపడును. కాని సెన్సరున్న బండికి ఏది పడితే అది పూయరాదు; కొన్ని సిలికాను ముద్దల ఆవిరి సెన్సరును పాడుచేయును. స్టడ్డు మరలకు మాత్రము, పట్టుకొనిపోకుండునట్లు రాగి పొడి కలిపిన ముద్దను కొంచెముగా రాయుట మంచిది. మరలకు నూనె గాని, ముద్ద గాని రాసినపుడు అదే పానా బలమునకు నట్టు మరింత బిగియును గావున, పుస్తకములో ఆ సంగతి చూచుకొనవలెను.

ఐదవది బిగింపు. నట్లన్నింటిని మొదట చేతితోనే ఎక్కించి, గొట్టము తన చోట తాను కూర్చుండునట్లు చేయవలెను. గొట్టము చేరని యెడల నట్టు బిగించి లాగరాదు. సైలెన్సరు వైపు బ్రాకెట్టును వదులు చేసి కుదుర్చవలెను. తరువాత నడుమనున్న నట్టుతో ఆరంభించి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చొప్పున చివరలకు పోవలెను. ఒక చివర నుండి వరుసగా బిగించినచో రెండవ చివర లేచును. ఒకేసారి పూర్తి బలము పెట్టక రెండు, మూడు విడతలుగా పెంచవలెను. ఎంత బలమన్నది పుస్తకములో ఉండును. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డులకు సాధారణముగా 20 నుండి 25 న్యూటను మీటర్లు చెప్పుదురు. మీటరు పొడవుగల పానా చివర రెండు, రెండున్నర కిలోల బరువు వ్రేలాడదీసినంత బలమన్నమాట. పానాకు ఇనుప గొట్టము తొడిగి బలముకొలది త్రిప్పు మెకానిక్కు సంధిని గట్టి చేయుట లేదు; స్టడ్డును సాగదీయుచున్నాడు. కొలత చూపు టార్కు పానా ప్రతి షెడ్డులోను ఉండదగిన పనిముట్టు.

ఆరవది, అందరును మరచునది, మరల బిగించుట. ఇంజనును నడిపి బాగుగా వేడెక్కనిచ్చి, ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత నట్లన్నింటిని అదే వరుసలో మరల కొలత ప్రకారము సరిచూడవలెను. మొదటి వేడికి ప్యాకింగు నలిగి సర్దుకొనును. నట్లు కొంత వదులగును. పుస్తకము వలదన్న ఇంజనులకు తప్ప మిగిలిన వానికి ఈ పని చేయక బండిని పంపుట సగము పనిచేసి పంపుటయే. ఉక్కు హెడర్లకు కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత మరియొకసారి చూడవలెను.

పని బాగుగా జరిగినదో లేదో తెలిసికొనుటకు సులువైన పరీక్షలు కలవు. తెల్లవారి చల్లగానున్న ఇంజనును నడిపి మొదటి నిమిషము వినవలెను. సందున్నచో చప్పుడు అప్పుడే స్పష్టముగా వినబడును. లోహము వేడెక్కి సాగినకొలది కొన్ని బండ్లలో అణగిపోవును. అణగినంతమాత్రమున లోపము పోయినదనుకొనరాదు. చల్లారిన తరువాత సంధి చుట్టును చూచినచో, కారుచోట నల్లని మసి చార కనబడును. షెడ్డులోనైనచో ఇంజను ఆపి, సైలెన్సరు చివర నుండి బ్లోయరుతో మెల్లగా గాలి పంపి, సంధిపై సబ్బునీరు రాయవలెను. బుడగలు లేచినచోటనే సందున్నది. నడుచుచున్న ఇంజను సైలెన్సరు చివరను చేతితో మూసి పరీక్షించుట అపాయకరము, అట్లు చేయకుడు.

శ్రోతలారా, ఇందులో దుర్లభమైనది ఏదియు లేదు. ఒక ప్యాకింగు, కొన్ని నట్లు, ఒక ఉక్కు పట్టీ, కొంత సమయము కావలెను. మా షెడ్డుల పనివారికి నేర్పు కొరత లేదు. వారికి చాలనిది యజమాని ఇచ్చు సమయము. తుప్పు నూనె పనిచేయుటకు ఒక రాత్రి, ఇంజను చల్లారుటకు కొన్ని గంటలు, మరల బిగించుటకు మరియొక పూట కావలసియుండగా, మధ్యాహ్నము బండి తెచ్చి సాయంత్రము ఇమ్మని ఒత్తిడి చేయు యజమానికి ముద్ద పూసి ఇచ్చుట కంటె మెకానిక్కు చేయగలదేమి? కావున ఈసారి మీ బండి పొగగొట్టము విప్పవలసి వచ్చినపుడు మెకానిక్కును మూడు ప్రశ్నలు అడుగుడు. ముఖముల చదును చూచితివా? క్రొత్త ప్యాకింగు వేసితివా? చల్లారిన వెనుక మరల బిగించుటకు బండిని ఎప్పుడు తేవలెను? ఈ మూడవ ప్రశ్నకు అతడు చెప్పిన దినమున, ఎంత పనియున్నను, బండిని తీసికొనిపోవుట మీ వంతు. ఆ దినము మరచిపోకుండ, బండి పుస్తకములోనో, గోడనున్న క్యాలెండరుపైననో ఈ రాత్రికే వ్రాసియుంచుకొనుడు.